తొలిఫలముల బుట్ట, చెప్పించిన పలుకు



కొత్త పంట ఇల్లు చేరిన నాడు, దానిని నోట వేసికొనుటకు ముందు దేవతకు చూపవలెనను ధర్మము మన బోథ్ ప్రాంతమున ఎవరికిని క్రొత్తగా నేర్పవలసినది కాదు. నల్లరేగడిలో జొన్న పండించువాడును, వాగు ప్రక్కన వరి వేసినవాడును, గూడెములోని గోండు రైతును, తండాలోని లంబాడీ రైతును మొదటి పిడికెడు తనది కాదని ఎరుగుదురు. ఇచ్చుటలో వారికి తొట్రుపాటు లేదు. ఇచ్చునప్పుడు పలుకవలసిన మాట దగ్గరనే తొట్రుపాటు వచ్చును. దేవళమున అయ్యవారు సంకల్పమారంభించి "గోత్రము చెప్పండి" అనగానే, అంతవరకు నిటారుగా నిలిచిన మనిషి తల వంచి ప్రక్కవాని ముఖము చూచును. ఇంటిలో గోండీయో లంబాడీయో, అంగడిలో మరాఠీ, ఉర్దూ, బడిలో తెలుగు, దేవుని ముందర మాత్రము సంస్కృతము! కొందరు కొబ్బరికాయ ప్రక్కవారి చేతికిచ్చి తాము స్తంభము చాటున నిలుతురు. కొందరు గుడి మెట్టు వరకు వచ్చి, అక్కడనే దండము పెట్టి వెనుదిరుగుదురు. మరికొందరు రానే రారు.

ఈ రానివారిని గూర్చి యోచించిన ధర్మవేత్తలు లోకమున అరుదు. యూదుల ధర్మశాస్త్రమున మాత్రము దీనిని గూర్చి స్పష్టమైన నిర్ణయమొకటి కలదు. పరమతమున చెప్పిన మాట మనకేల యని శంకింపవలదు. దాహము తీర్చు నీటిని ఏ ఊరి బావిదని అడుగువాడు దాహము లేనివాడే యగును. ఆ నిర్ణయమును, దాని వెనుక నున్న కథను, ఆ పలుకులోని ఒక్క మాటను గూర్చి వారి పండితులు చేసిన వాదమును నేడు మీ ముందుంచెదను.

యూదుల మూలగ్రంథము తోరా. మోషే ద్వారా లభించినదని వారు విశ్వసించు పంచకాండములే అవి. దాని విధులను ఎట్లు ఆచరింపవలెనో గురుశిష్యపరంపరగా నోటి నుండి నోటికి వచ్చిన నిర్ణయములను క్రీ.శ. 200 ప్రాంతమున రబ్బీ యెహూదా అను ఆచార్యుడు క్రోడీకరించెను. దానికి మిష్నా యని పేరు. ఆ మిష్నాను ఆధారము చేసికొని తరువాతి శతాబ్దములలో జరిగిన చర్చలే తల్మూదు. మిష్నాలోని ఆరు భాగములలో మొదటి దాని పేరే 'విత్తనములు'. సేద్యమునకు సంబంధించిన ధర్మములన్నియు అందే యున్నవి. పొలము మూల పేదవాని కొరకు కోయక విడువవలసిన పైరు మొదలుకొని దేవాలయమునకు చేర్చవలసిన తొలిఫలముల వరకు అన్నియు అక్కడ వచ్చును. ఈ తొలిఫలములకు హీబ్రూ భాషలో బిక్కూరీమ్ అని పేరు.

రైతు తన తోటలోనికి దిగును. ఒక అంజూరపు కాయ తొలిగా పండుబారుట, ఒక ద్రాక్షగుత్తి రంగు తిరుగుట, ఒక దానిమ్మ పక్వమగుట చూచును. వెంటనే దాని తొడిమకు జమ్ముపోచతో ఒక ముడి వేసి, ఇది తొలిఫలమని పలుకును. అంతే, అది దేవునిదైపోయినది. గోధుమ, యవలు, ద్రాక్ష, అంజూరము, దానిమ్మ, ఒలీవ, ఖర్జూరము అను ఏడు పంటలకే ఈ విధి. ఎంత ఈయవలెనను కొలత లేదు. పొలములో వందల కాయల నడుమ ఆ పోచ కట్టిన కాయ ఏదో రైతుకు తెలియును, దేవునికి తెలియును. ఈ చిన్న ముడిని గూర్చి చదివినప్పుడెల్ల నాకు మన పల్లెలలో ముడుపు కట్టుట స్ఫురించును. పసుపుగుడ్డలో రూపాయి ముడి వేసినవాడు దానిని మరల విప్పి ఖర్చు చేయడు గదా!

పిదప ప్రయాణము. ఆ జిల్లా గ్రామముల వారందరు ఒక ముఖ్యపట్టణమున గూడుదురు. ఎవరి ఇంటను దిగక వీథిలోనే రాత్రి పరుండుదురు. తెల్లవారగానే పెద్ద యొకడు లేపి, దేవుని ఇంటికి పోదము రండని పిలుచును. యెరూషలేమునకు దగ్గరివారు పచ్చి అంజూరములు, పచ్చి ద్రాక్షలు తెత్తురు. దూరమువారు ఎండినవి తెత్తురు. దారిలో కుళ్లినవి దేవునికి ఈయరాదు గదా, శాస్త్రమునకు దూరమెంతో తెలియును! ముందు ఒక ఎద్దు నడచును. దాని కొమ్ములకు బంగారుతొడుగు, తలపై ఒలీవ కొమ్మల కిరీటము. పిల్లనగ్రోవి ఊదుచు నగరము సమీపింతురు. అప్పుడు నగరములోని చేతిపనివారందరు, వడ్రంగులు, కమ్మరులు, నేతగాండ్రు, లేచి నిలిచి, ఫలానా ఊరి సోదరులారా, క్షేమముగా వచ్చితిరా యని పలుకరింతురు. పనిలో నున్న చేతిపనివాడు పండితుడు వచ్చినను లేచి నిలువనక్కరలేదని వారి శాస్త్రము. పండితునికి లేవనివారు పల్లెటూరి రైతు బుట్టకు లేతురు. తల్మూదు ఆచార్యులు ఈ విడ్డూరమును గమనించి, ధర్మము తన సమయమున వచ్చినప్పుడు దానికి అంత గౌరవమని మెచ్చుకొనిరి.

దేవాలయపు కొండ చేరిన తరువాత ఎవరి బుట్ట వారే భుజమున పెట్టుకొనవలెను. రాజైనను అంతే. అగ్రిప్ప రాజు సైతము తన బుట్టను తానే భుజమునకెత్తి లోపలి ప్రాంగణము వరకు మోసెనని మిష్నా చెప్పుచున్నది. అక్కడ లేవీయులు పాడుదురు. రైతు బుట్టను భుజము మీది నుండి దించి అంచు పట్టుకొనును. యాజకుడు తన చేయి క్రింద నుంచును. ఇద్దరి చేతుల మీద బుట్ట ఊగును. అప్పుడు ఆ రైతు ఒక ప్రకటన చేయవలెను.

ఆ ప్రకటన ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయమున నున్నది. దాని తాత్పర్యము చెప్పెదను. దిక్కులేక తిరిగిన పూర్వికుడు కొద్దిమందితో ఐగుప్తునకు దిగిపోయెను. అక్కడ సంతానము పెరిగెను. ఐగుప్తీయులు బాధించి బానిసలను చేసిరి. మేము మొరపెట్టగా దేవుడు వినెను, విడిపించెను, ఈ నేలకు తెచ్చెను. ఇదిగో, ఆ నేల ఇచ్చిన తొలిఫలము. ఇదియే ఆ పలుకుల భావము. వరము కోరుట లేదు. వాన కురిపింపుమనుట లేదు. తానెక్కడి నుండి వచ్చినాడో చెప్పి, బుట్ట బలిపీఠము ప్రక్కన నుంచి, సాష్టాంగపడి వెలుపలికి పోవును. లోకమున ప్రార్థనలలో అధికభాగము ఈయుమనుటతో నిండియుండును. ఇందు మాత్రము రైతు ఋణము ఒప్పుకొనుట ఒక్కటే యున్నది.

ఇక్కడ భాష సమస్యగా నిలిచినది. ఏ ప్రార్థన ఏ భాషలో చేయవచ్చునో మిష్నా విడివిడిగా నిర్ణయించినది. దేవుడొక్కడే యను విశ్వాసప్రకటనను, నిత్యప్రార్థనను, భోజనానంతర వందనమును ఎవరికి తెలిసిన భాషలో వారు చేయవచ్చును. న్యాయస్థానములో చేయు ప్రమాణమును సైతము అట్లే, ఎందుకనగా ఏమి ప్రమాణము చేయుచున్నాడో తెలియనివాని ప్రమాణము చెల్లదు. కాని కొన్ని పలుకులు పవిత్రభాష యగు హీబ్రూలోనే పలుకవలెను. యాజకుల ఆశీర్వాదము వానిలో నొకటి, తొలిఫలముల ప్రకటన మరియొకటి. ఆ కాలమునకు యూదులలో చాలమంది ఇంటిలో అరామిక భాష మాట్లాడెడివారు. కొందరు గ్రీకు మాట్లాడెడివారు. హీబ్రూ తెలిసినవాడు చదువుకొన్నవాడు, తెలియనివాడు పొలము దున్నువాడు. పంట ఉన్నవానికి పలుకు లేదు, పలుకు ఉన్నవానికి తరచుగా పంట లేదు.

మొదట వారు చేసిన ఏర్పాటు చూడుడు. చదువ వచ్చినవాడు తనంత తాను చదువును. రానివానికి మరియొకడు ఒక్కొక్క మాట చెప్పించును, ఇతడు వెంట పలుకును. చూచుటకు ఇది దయగల ఏర్పాటే. మన గుడులలోను జరుగునది ఇదియే గదా. కాని ఏమైనది? చెప్పించుకొనవలసినవారు తొలిఫలములు తెచ్చుటయే మానివేసిరి. వరుసలో ముందువాడు గంభీరముగా ప్రకటన చదివి పోవును. తరువాతి రైతు వంతు రాగానే చెప్పించువాడు ముందుకు వచ్చును. అంతటితో వీనికి అక్షరము రాదని ప్రాంగణమంతయు ఎరుగును. బుట్ట మోసి వచ్చినవానికి దేవుని ముందు నిలుచుటకన్న చదువరి ప్రక్కన నిలుచుట కష్టమైనది. జమ్ముపోచ కట్టిన కాయ చెట్టుననే మిగిలిపోయినది.

ఆచార్యులు ఏమి చేయవచ్చును? ఎవరి భాషలో వారు పలుకుడని అనుమతింపవచ్చును. అప్పుడు మూలవాక్యము పోవును. రానివారందరు నేర్చుకొని రావలెనని శాసింపవచ్చును. అప్పుడు రైతులు పోవుదురు. సిగ్గు విడిచి రండని బోధింపవచ్చును. బోధలకు సిగ్గు పోయిన దాఖలా నేను చూడలేదు. వారు ఈ మూడింటిని విడిచి నాల్గవ మార్గము పట్టిరి. ఇక మీదట చదువ వచ్చినవానికిని రానివానికిని, ఇద్దరికిని చెప్పింపవలెనని నిర్ణయించిరి! వేదపారగునివంటి పండితుడైనను తనంత తాను చదువరాదు. పక్కవాడు చెప్పగా బాలునివలె వెంట పలుకవలెను. రాజు వచ్చినను అంతే.

ఈ నిర్ణయములో ఒక నేర్పున్నది. సాధారణముగా సమాజము లోపమున్నవానిని సరిచేయజూచును. ఇక్కడ లోపము లేనివాని ఆచారమును మార్చిరి. మాట మారలేదు, భాష మారలేదు, పలుకువాడు మారలేదు. మారినదంతయు చదువుకొన్నవాడు తన చదువును ప్రదర్శించు అవకాశము. పండితునికి ఇది నష్టమే. తనకు కంఠస్థమైన వాక్యమును ఒకడు చెప్పుచుండగా ముక్కముక్కలుగా పలుకుట ఎంత విసుగో పండితులనే అడుగుడు. ఆ విసుగును ధర్మముగా విధించిరి. హీబ్రూలో చదువుటకును చదివించుటకును ధాతువొక్కటే, మన తెలుగున 'చదువు', 'చదివించు' అన్నట్లే. మిష్నా ఆ ప్రేరణార్థకమునే వాడి, అందరికిని చదివింతురని ఒక్క ముక్కలో తేల్చినది. కారణము వివరించుటకు ఒక వాక్యము కన్న ఎక్కువ వెచ్చింపలేదు.

క్రీ.శ. 70లో రోమనులు యెరూషలేము దేవాలయమును ధ్వంసము చేసిరి. బుట్టలు ఆగిపోయినవి. అయినను ఆ నిర్ణయము ఆగలేదు. సభామందిరములలో తోరా పారాయణమునకు ఒక్కొక్కనిని పిలుతురు. పూర్వకాలమున పిలువబడినవాడే తన భాగమును చదివెడివాడు. ఆ చదువు సులభము కాదు. తోరా చుట్టలో గుణింతపు గుర్తులుండవు, స్వరచిహ్నములుండవు, హల్లులే యుండును. మన లిపిలో కకార లకారములను మాత్రమే వ్రాసి ఊరకొన్నచో అది కలయో, కాలో, కీలో, కూలియో ఎట్లు తెలియును? వేదాధ్యయనమునందువలె గురుముఖమున నేర్చినవాడే తప్పులేక చదువగలడు. క్రమముగా చాల దేశములలో చదువుటకు ఒక నిపుణుని నియమించిరి. పిలువబడినవాడు ముందు వెనుకల వందనవాక్యములు పలికి, ఆ నిపుణుని ప్రక్కన నిలుచును. మధ్యయుగపు ఫ్రాన్సు, జర్మనీ దేశముల పండితులు ఈ ఆచారమునకు ఆధారముగా తొలిఫలముల నిర్ణయమునే చూపిరి. రానివానిని సిగ్గుపరుపకుండుటకై వచ్చినవాడును చదువడు. యెమెను దేశపు యూదులు మాత్రము ఎవరి భాగము వారే చదువు పాత పద్ధతిని విడువలేదు. వారు పిల్లలందరికి చిన్ననాడే ఆ చదువు నేర్పుదురు. సిగ్గును తొలగించుటకు అదియు ఒక మార్గమే, మొదటి దానికన్న కష్టమైనది.

అయితే ఆ ఆచార్యులు సిగ్గును అంతటను తొలగించిరని చెప్పుట అసత్యమగును. మిష్నాలో ఈ నిర్ణయము ముగిసిన మరుక్షణమే బుట్టల మాట వచ్చును. ధనవంతులు వెండి బంగారు పళ్లెములలో తెత్తురు, పేదలు తోలు ఒలిచిన చెట్టుబరికల బుట్టలలో తెత్తురు. నాలుకల మధ్య భేదమును పోగొట్టిన శాస్త్రము బుట్టల మధ్య భేదమును అట్లే ఉంచినది. పైగా ధనవంతునికి తన పళ్లెము తిరిగి ముట్టును, పేదవాని బుట్ట పండ్లతో బాటు యాజకునికే పోవును! తల్మూదులో ఈ చోట పేదరికము పేదవాని వెంటనే పోవునను సామెతకు దీనిని ఉదాహరణగా చూపిరి. వారి గ్రంథములలో నాకు నచ్చునదేమనగా, ఇట్టి చోటులను కప్పిపుచ్చరు. ఇదే తల్మూదులో వేరొక చోట, చావు జరిగిన ఇంటికి బంధువులు అన్నము తీసికొనిపోవుటలో ధనికులు వెండిబుట్టలలోను పేదలు బరికెబుట్టలలోను తెచ్చుటచేత పేదలు సిగ్గుపడగా, అందరును బరికెబుట్టలలోనే తేవలెనని నిర్ణయించినట్లున్నది. దుఃఖపు ఇంటిలో దిద్దిన తప్పును దేవుని ఇంటిలో దిద్దకపోవుటకు కారణమేమో! పళ్లెము దేవాలయమునకు శోభ యని తలచిరేమో. మన ఉత్సవములలో పట్టుబట్టల వరుసను, ముతకబట్టల వరుసను చూచినవారికి ఈ సందిగ్ధము క్రొత్తది కాదు.

ఇక ఆ ప్రకటనలోని మొదటి మాటలకు వత్తము. మూలమున మూడే పదములు. ఒకటి 'అరమ్మీ', అనగా అరాముదేశీయుడు. ఒకటి 'ఓవేద్'. ఒకటి 'ఆవీ', అనగా నా తండ్రి. నడుమనున్న ఓవేద్ అను పదము దగ్గర పండితలోకము రెండుగా చీలినది. తప్పిపోవుట, నశించుట అను అర్థములు ఆ ధాతువునకు గలవు. తప్పిపోయిన పశువునకు సైతము ఆ మాటయే వాడుదురు. ఒక అన్వయమున, నా తండ్రి దారితప్పి తిరిగిన అరామీయుడని చెప్పవలెను. మరియొక అన్వయమున, ఒక అరామీయుడు నా తండ్రిని నాశనము చేయబూనెనని చెప్పవలెను. మొదటి దానిలో అరామీయుడు మన పూర్వికుడే. రెండవ దానిలో అతడు మన శత్రువు, యాకోబును మోసగించిన మామ లాబాను.

ప్రాచీనమైన అరామిక అనువాదము రెండవ అన్వయమును పట్టినది. పస్కా పండుగ రాత్రి ఇంటింట చదువు హగ్గదా అను గ్రంథమును దానినే అనుసరించినది. వ్యాఖ్యాతలలో శిరోమణియగు రాషి (1040-1105) దానినే సమర్థించెను. కాని ఆయన మనుమడే, రష్బామ్ అని ప్రసిద్ధుడు, తాతగారిని కాదని మొదటి అన్వయము చెప్పెను. స్వదేశము విడిచి తిరిగిన అబ్రాహామే ఆ అరామీయుడని ఆయన మతము. స్పెయిన్ దేశపు వైయాకరణి ఇబ్న్ ఎజ్రా మరింత సూటిగా పోయెను. ఓవేద్ అకర్మకక్రియ. నశించువానికి చెల్లును గాని నశింపజేయువానికి చెల్లదు. లాబానును గూర్చి చెప్పదలచినచో ప్రేరణార్థకరూపముండవలసినది. కావున దరిద్రుడై అరాములో నలిగిన యాకోబే ఇక్కడి తండ్రి యని ఆయన తీర్పు. గుణింతము లేని లిపిలో ఆ హల్లులనే మరియొక విధముగ పలికినచో నాశనము చేసెనని సకర్మకార్థము రాగలదు. కాని పరంపరగా వచ్చిన పఠనము ఓవేద్ అనియే. వ్యాకరణము ఇబ్న్ ఎజ్రా పక్షమున నున్నదనియే నా బుద్ధికి తోచుచున్నది. అయినను పస్కా రాత్రి నేటికిని రెండవ అన్వయమే వినిపించును. వారి వ్యాఖ్యానసహితములైన తోరా ముద్రణలలో తాత వ్యాఖ్యయు మనుమని వ్యాఖ్యయు ఒకే పుటలో అచ్చగుచున్నవి. ఓడినవాని మాటను చెరిపివేయుట వారి సంప్రదాయము కాదు.

మన సేద్యగానికి మొదటి అన్వయమే దగ్గర. భుజాన పండ్లబుట్ట పెట్టుకొని నిండుగా నిలిచినవాడు, మావాడు దిక్కులేక తిరిగినవాడని మొదట ఒప్పుకొనును. ఎవరు మోసగించిరో చెప్పుటకన్న ఎవరము ఎట్లుంటిమో చెప్పుట కఠినము. పస్కా రాత్రి కథను గూర్చి మిష్నా విధించినది కూడ ఇట్టిదే. అవమానముతో ఆరంభించి స్తుతితో ముగింపవలెను. అదే చోట, తండ్రి కుమారుని బుద్ధికి తగినట్లు బోధింపవలెనని యున్నది. చూచితిరా! దేవాలయమున అక్షరము మార్పరాదని పట్టుబట్టిన ఆ ప్రకటననే ఇంటిలో పిల్లవానికి తెలిసినట్లు విప్పి చెప్పుమనిరి. గుడిలో మాట నిలిపిరి, ఇంటిలో అర్థము నిలిపిరి. మన సంకల్పమును గుడిలో చెప్పించుకొనుచున్నాము, మంచిదే. ఇంటికి వచ్చి దాని అర్థమును పిల్లలకు విప్పి చెప్పు ఇండ్లెన్ని?

ఇంకొక చిక్కు మిగిలినది. ప్రకటనలో 'మా తండ్రులు' అను మాట వచ్చును. అన్యజాతిలో పుట్టి యూదమతము స్వీకరించినవాడు ఆ మాట ఎట్లు పలుకగలడు? అతని తండ్రులు ఐగుప్తులో బానిసలు కారు గదా! అతడు బుట్ట తేవలెను గాని ప్రకటన పలుకరాదని మిష్నా శాసించినది. ప్రార్థనలో సైతము, ఒంటరిగా నున్నప్పుడు 'ఇశ్రాయేలు తండ్రుల దేవా' యనవలెను, సభలో 'మీ తండ్రుల దేవా' యనవలెను. స్త్రీలు కూడ బుట్ట తెచ్చువారే, పలుకువారు కారు. నేల పంపకములో వారికి వంతు లేకుండుట అందుకు కారణముగా చెప్పబడినది. నిండుసభలో అందరు 'మా' యనుచుండగా ఒకడు 'మీ' యనవలసివచ్చిన బాధ చదువురానివాని సిగ్గుకన్న తక్కువది కాదు.

ఇక్కడ యెరూషలేము తల్మూదు మిష్నాకు ఎదురు నిలిచెను. రబ్బీ యెహూదా మతమును అది ఉదాహరించుచున్నది. దేవుడు అబ్రాహామునకు ఆ పేరు పెట్టినప్పుడే అనేక జనములకు తండ్రిని చేసితినని చెప్పెను. కావున వచ్చి చేరినవానికిని అతడు తండ్రియే, వాడును తెచ్చి పలుకవచ్చును. రబ్బీ అబ్బాహు ఎదుటికి నిజముగానే ఇట్టి వ్యవహారము రాగా ఆయన ఈ మతమునే అనుసరించి తీర్పు చెప్పెను. అనేక శతాబ్దముల పిమ్మట 12వ శతాబ్దమున, ఈజిప్టులో వైద్యుడుగాను ధర్మాచార్యుడుగాను ప్రసిద్ధికెక్కిన మోషే బెన్ మైమోన్‌ను ఓబద్యా యను మతస్వీకర్త ఇదే ప్రశ్న అడిగెను. ఏ మాటను మార్పవద్దు, పుట్టుకతో యూదుడైనవానివలెనే 'మా తండ్రుల దేవా' యనుమని ఆచార్యుడు బదులు వ్రాసెను. అబ్రాహాము బోధను స్వీకరించిన ప్రతివాడును అతని సంతానమే యని ఆయన వాదము. ఫ్రాన్సు దేశపు పండితులలో కొందరు ఒప్పుకొనలేదు. అయినను నిలిచినది ఆ ఉత్తరమే.

ఇది వినగానే మీకు కాశ్యపగోత్రము స్ఫురించియుండును. గోత్రమెరుగనివానికి కాశ్యపగోత్రము చెప్పింపుడని మన పెద్దలు అనుమతించిరి. కశ్యపుడు సమస్తభూతములకును తండ్రి యని పురాణములు చెప్పుచున్నవి గనుక ఎవడును అతని సంతతికి వెలుపలివాడు కాడు. వాదసరణి ఒక్కటే. కాని ఆ సదుపాయము చెప్పువిధములో భేదమున్నది. "గోత్రము తెలియదా? సరే, కాశ్యప యనుము" అని నలుగురిలో అనుట వేరు, అడుగకయే అందరి చేతను ఒకే స్వరమున చెప్పించుట వేరు. సామూహిక వ్రతములందు, సంకల్పములో గోత్రము వచ్చుచోట అందరిచేత కొంతసేపు మౌనముగా ఎవరి గోత్రము వారు తలచుకొనునట్లు చేయు అర్చకులు కొందరు కలరు. వారు మిష్నా చదివి చేసినది కాదు, ఎదుటివాని ముఖము చూచి చేసినది.

ఈ 'మా తండ్రులు' అను మాట తెలుగుగడ్డ మీదనే నేడును వివాదమున నున్నదని చెప్పినచో కొందరికి ఆశ్చర్యము కలుగును. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెమను గ్రామమున్నది. అక్కడ మాదిగ కుటుంబముల వారు కొందరు, అంతకు ముందు క్రైస్తవులుగా నున్నవారు, 1980 దశకము చివర తాము ఇశ్రాయేలు పన్నెండు గోత్రములలో తప్పిపోయిన ఎఫ్రాయీము గోత్రపు సంతతివారమని ప్రకటించుకొనిరి. బెనె ఎఫ్రాయీమ్ అని తమకు పేరు పెట్టుకొని ప్రార్థనామందిరము కట్టుకొనిరి. శనివారము విశ్రాంతిదినముగా పాటింతురు, పస్కా ఆచరింతురు, హీబ్రూ ప్రార్థనలు నేర్చిరి. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వారి నడుమ నుండి పరిశీలించి 2013లో ఒక గ్రంథము ప్రకటించిరి. తరతరములుగా ఊరి వెలుపల నుంచబడినవారు తమ కథను తామే చెప్పుకొనుటకు చేసిన ప్రయత్నముగా గూడ దానిని చూడవలెనని ఆ గ్రంథము మనకు చూపుచున్నది.

వారు చెప్పు వంశచరిత్రకు లిఖితసాక్ష్యము లేదు. కాని వారు పట్టుకొన్న కథ ఏదో గమనింపుడు. తప్పిపోయినవాడు, దిక్కులేక తిరిగినవాడు నా తండ్రి యని ఆరంభమగు కథ అది. హీబ్రూలో తప్పిపోయిన గోత్రములను పేర్కొనుటకు వాడు పదము సైతము ఓవేద్‌తో పుట్టిన ధాతువు నుండియే వచ్చినది.

మణిపురము, మిజోరాముల నుండి మనష్షే గోత్రీయులమని వచ్చినవారి విషయమున ఇజ్రాయేలు ప్రధాన రబ్బీలలో ఒకరు 2005లో వారిని ఇశ్రాయేలు సంతతిగా అంగీకరించిరి. అయినను అక్కడ స్థిరపడుటకు వారు విధిపూర్వకముగా మతస్వీకారము చేయవలసియుండెను. కొత్తరెడ్డిపాలెము వారికి అట్టి అంగీకారము పై గ్రంథము వెలువడునాటికి లభింపలేదు. ఇందులోని ముడి సూక్ష్మమైనది. మతస్వీకర్తలుగా వచ్చినచో మోషే బెన్ మైమోన్ ఉత్తరము చొప్పున 'మా తండ్రులు' అనుటకు వారికి ఏ అడ్డును లేదు, వంశము నిరూపింపనక్కరయు లేదు. సంతతివారమే యన్నచో నిరూపణ కావలెను. ఆ మాట నోట పలుకు హక్కును ఒక ద్వారము సులభముగా ఇచ్చును. కాని ఆ ద్వారము గుండా పోవుటకు, తాము ఇంతవరకు బయటివారమే యని ముందుగా ఒప్పుకొనవలెను. ఊరి వెలుపల పుట్టినవారికి ఆ ఒక్క ఒప్పుకోలు ఎంత బరువో శాస్త్రములో కొలత లేదు.